తడి గోనె కింద సీతాఫలాలు

అన్నకు నీ చెల్లె సుభద్ర రెండు చేతులెత్తి మొక్కి రాసుకునేది. ఇంట్ల అందరు బాగున్నరా? బాపు దగ్గు తగ్గిందా?

నీ ఉత్తరం అందింది. ‘పట్నంల నౌకరి దొరకంగనె ఊరు కంటికి ఆనుతలేదు, గందుకే దసరకు రాలేదు’ అని అమ్మ అన్నదట, నువ్వు అవునన్నవట. నన్ను మీరు ఎరిగింది గింతేనా? గర్వం గాదన్నా, సిగ్గు. మన గంపలు కట్టే ఎల్లమ్మత్త ఎదురుపడ్తె ఏ మొఖంతోని పలకరించాలె?

నేను బాగనే ఉన్న. ఆఫీసుల టైపు పని అలవాటైంది. వాన ఇంక ఇడుస్తలేదు. హాస్టల్ల రోజూ అన్నమే, జొన్నరొట్టె మీదికి పాణం గుంజుతది. అయినా బాగనే ఉన్న, నా ఫికర్ పెట్టుకోకుండ్రి.

పోయిన నెల నేనొచ్చినప్పుడు నువ్వు లారీ మాట్లాడ కల్వకుర్తి పోయినవు గద. ఇంటికాడ ఎల్లమ్మత్త సీతాఫలాల గంపలు కడ్తాంది. ఆమె కాయలను ఒక పూట నీడకు ఆరబోసి, నడుమ ఎండుటాకు పరిచి, వదులుగ కడ్తది. ఇక్కడ తమలపాకులకు తడిబట్ట కప్పితె దినాలకొద్ది తాజగుండుడు చూసిన. కాయకు గూడ గంతే అనుకున్న. ‘ఆకు తీసెయ్యి, నిండ పేర్చి తడి గోనె కప్పు’ అన్న.

‘సీతాఫలం లోపట్నుంచి కాగుతది బిడ్డా, గాలి ఆడాలె.’

‘నువ్వు గుట్ట చూసినవత్తా, నేను పట్నం చూసిన’ అని నవ్విన.

‘గట్లనే గానీ, బీయే చదివినదానివి’ అని తను గూడ నవ్వి నేను చెప్పినట్టే కట్టింది.

నేను పట్నం తిరిగొచ్చినంక, మన లారీ వచ్చిన పొద్దు నువ్వు చెప్పినట్టు ఇక్కడి మండీకి పోయిన. గోనె తియ్యంగనె ఆవిరి కొట్టింది. కాయలు నల్లబడి, పగిలి, పులిసిన వాసన. దళారి నా దిక్కు జూసి, ‘పాత కాయలు అడుగున పెట్టి మోసం చేసిండ్రు. గంపలు కట్టిందెవరమ్మా?’ అన్నడు. హమాలీలంత చూస్తున్నరు. ‘మా ఊరి ఎల్లమ్మ’ అన్న. గట్ల కట్టుమన్నది నేనే అని మాత్రం చెప్పలేదు. అబద్ధం గాదు గద అని నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్ననో.

ఇప్పుడు నువ్వు రాస్తివి, ఆమెను గంపల కాడికి రానిస్తలేవని, తోటి ఆడోళ్లు దొంగ చెయ్యి అంటున్నరని. ఆమె నా పేరు ఎత్తలేదు. ఎత్తితె నువ్వు రాసేటోడివి.

అమ్మకు, బాపుకు నా దండాలు చెప్పు, నన్ను దీవించుమను. నాకని పచ్చడి పంపకు, నేనే వస్తున్న. రేపు మండీకి పోయి, ఆ గంపలు నేనే గట్ల కట్టించిన్నని దళారికి చెప్త. ఆదివారం పొద్దటి బస్సుకొస్త. ఇంటికి రాకముందే గుట్టకాడికి పోయి, కాయలు తెంపే ఆడోళ్లందరి ముందట గదే మాట చెప్త.

నీ చెల్లె
సుభద్ర