బ్రేకులు బాగానే ఉన్నాయట

వినీత్, మెకానిక్ ఇప్పుడే ఫోన్ చేశాడు. మన కారు బ్రేకులకి ఏమీ కాలేదట. పక్కింటి త్రివేణితో వెళ్లి కారు తెచ్చుకుంటున్నాను. పప్పు స్టవ్ మీద ఉంది, వేడి చేసుకుని తిను.

ఆదివారం ఐస్ మీద నా కాలి కింద పెడల్ గడగడా వణికింది కదా, అది ఏబీఎస్ పని చేయడమట. చక్రాలు బిగుసుకుపోకుండా బ్రేకుని అదే పట్టి వదులుతుందట. మనం గట్టిగా తొక్కి పట్టుకుని స్టీరింగ్ తిప్పుకుంటే చాలట. నేను చేసింది అదే. నువ్వేమో "తొక్కి వదులు, తొక్కి వదులు, బ్రేకులు పాడు చేసేశావ్" అని ఒకటే అరుపులు. గుంటూరు ఎండలో, ఏబీఎస్ లేని మామయ్యగారి పాత కారు మీద నువ్వు నేర్చుకున్న విద్య అది. పైగా తాళం లాక్కుని, అత్తయ్యకి ఫోన్ చేసి "దేదీప్యకి ఇప్పట్లో కారు ఇవ్వను" అన్నావు. నన్ను ఒక్క మాట అడిగావా?

ఐస్ కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లారు. ఏబీఎస్ ఉన్నా ఐస్ మీద కారు వెంటనే ఆగదట, కాబట్టి మెల్లగానే వస్తాను. కంగారుపడకు.

బాల్కనీలోంచి చెట్లు చూడు, ఐస్ పట్టి ప్రతి కొమ్మకీ గాజు తొడిగినట్టుంది. నీ మీద కోపంగా ఉన్నా చెప్పకుండా ఉండలేకపోయాను.

వెనకాల పార్కింగ్‌లో ఐస్ ఇంకా కరగలేదు. రేపు పొద్దున్నే అక్కడ నువ్వు డ్రైవ్ చేస్తావు, నేను పక్కన కూర్చుని అరుస్తాను.