టింకర్ కోవ్‌లో పదహారో సంతకం

మెర్సీ హార్బర్, న్యూఫౌండ్లాండ్
2019 ఆగస్టు 27, మంగళవారం

ప్రియమైన బ్యూలాకు,

మెల్వినా కీపింగ్ ప్రేమతో, బోలెడంత మొహమాటంతో రాస్తున్న ఉత్తరం. ఒంటారియోలో నువ్వూ నీవాళ్ళూ కుశలమని తలుస్తాను. ఇక్కడ నా మోకాళ్ళు రెండూ తప్ప తక్కినదంతా కుశలమే. నలభై తొమ్మిదేళ్ళ తర్వాత నా ఉత్తరం చూసి కవరు చాలాసేపు అటూ ఇటూ తిప్పి ఉంటావు. చింపి పారేయకుండా ఇంతవరకు వచ్చావంటే చివరిదాకా చదువు.

ఈ ఏడు బేకాపిల్ పళ్ళు బాగా కాశాయి. ఆరు సీసాల జామ్ పెట్టాను, తినే నోరు ఒక్కటే. మా ఆయన పోయి నాలుగేళ్ళయింది. పోస్టాఫీసు కొలువు వదిలాక పొద్దు గడవక లైబ్రరీకి పోవడం అలవాటయింది. అక్కడి రోజలిండ్ నన్ను ఈ పటం పనిలోకి లాగింది. ఖాళీ అయిపోయిన మన తీరపు ఊళ్ళన్నీ కంప్యూటర్ పటం మీదికి ఎక్కించడం ఆ పని. ఎవరైనా తమ ఇల్లున్న చోట గుర్తు పెట్టి, ఒక ఫోటోనో జ్ఞాపకమో చేర్చవచ్చు. ఆ ఊళ్ళో పుట్టిన మనిషి ఎవరో ఒకరు చూసి సరే అంటేనే అది లోకానికి కనబడుతుంది. మన ఊరు టింకర్ కోవ్‌కు సరే అనవలసిన మనిషిని నేనే.

మొదట సరదాగానే ఉండేది. ఇరవై ఇళ్ళకు పదమూడు గుర్తులు వచ్చాయి. బడి, చర్చి, చేపలెండబెట్టే అరుగులు వచ్చాయి. కిందటి చలికాలం మీ ఇంటి గుర్తు వచ్చింది. కింద నీ పేరు. "ఇది మా నాన్న అబ్సలోం పార్డీ ఇల్లు. అందరికంటే చివర ఊరు వదిలిన మనిషి" అని రాశావు. సరే అన్నాను.

వారం తిరక్కుండా హాలెట్ల మనవడెవడో దాని కింద రాశాడు. "చివర వదిలాడు సరే, ఊరిని ముంచిన సంతకం కూడా చివర పెట్టింది ఆయనే కదా. పెట్టి, పెట్టలేదన్నాడు. మా తాత ఆయన్ని రెండు నాలుకల అబ్సలోం అనేవాడు." దాన్ని నేను ఆపి ఉండవచ్చు. ఆపితే ఎందుకని అడుగుతారని భయపడి సరే అన్నాను. బ్యూలా, ఆ మాట లోకానికి చూపించింది నా చేయే.

జూన్‌లో ఎవరో పాత కాగితాల్లోంచి ఆ అర్జీ ఫోటో తెచ్చి పెట్టారు. ఊరు తరలిపోతామని 1967లో మనవాళ్ళు ప్రభుత్వానికి పంపిన అర్జీ. ఇరవై ఇళ్ళకు పదహారు సంతకాలుంటేనే డబ్బిచ్చి ఊరంతటినీ తరలిస్తామన్నారు, పదహారూ ఉన్నాయి. పదహారోది అబ్సలోం పార్డీ. ఆ కాగితం కింద నువ్వు రాసింది నాకు కంఠతా వచ్చేసింది. "మెల్వినా కీపింగ్ బతికి ఉంటే ఆమెను అడగండి. మా నాన్న చేతిరాత ఆమెకు తెలుసు. ఇది ఆయనదేనా?"

రోజలిండ్ నాలుగుసార్లు అడిగింది. ఏమిటమ్మా, ఊరికంతా నువ్వే సాక్షివి, ఈ ఒక్కదానికి కళ్ళజోడు కనబడటం లేదా అని వేళాకోళం చేసింది. చూస్తానులే అంటూ వచ్చాను.

జులైలో క్లైడ్ హాలెట్ పడవలో టింకర్ కోవ్ వెళ్ళాము, సమాధుల గుర్తులు కొలిచి తేవడానికి. క్లైడ్ నీకు గుర్తుండే ఉంటాడు, బడిలో నీ జడలు కట్టేసి తన్నులు తిన్నవాడు. ఇప్పుడు పళ్ళు లేవు, నోరు మాత్రం తగ్గలేదు. మధ్యాహ్నం మూడింటికి కొండకొమ్ము దాటామో లేదో పొగమంచు దిగింది. ఇంజను ఆపేశాడు. అప్పుడు వినబడింది, సుత్తి చప్పుడు. మూడు దెబ్బలు, కాసేపు ఆగి మళ్ళీ మూడు. మీ నాన్న ఆఖరి వారమంతా కిటికీలకు పలకలు కొట్టిన చప్పుడు అలాగే ఉండేది. మిగతావాళ్ళు చెక్క ఇళ్ళను పడవలకు కట్టి నీళ్ళ మీద లాక్కుపోతుంటే, ఆయన మాత్రం, తిరిగి వచ్చేవాడికి ఇల్లు లాక్కుపోవడమెందుకురా అన్నారు.

నా మొహం చూసి క్లైడ్ అన్నాడు, "అలకి పాత చెక్కేదో కొట్టుకుంటోంది తల్లీ. మన ఊరి దెయ్యాలకి నీతో అంత పనేముంటుంది?" నేను నవ్వలేదు. ఒడ్డెక్కి చూస్తే చెక్క అన్నది లేదు. మీ ఇంటిచోట నాలుగు పునాది రాళ్ళు, మెట్టు ఒకటి, నడుములోతు గడ్డి. చప్పుడు అక్కడినుంచే వస్తోంది. నేను మెట్టు దగ్గరికి చేరగానే ఆగిపోయింది.

తర్వాత సమాధులు కొలిచాము. మీ అమ్మమ్మది, పుట్టగానే పోయిన మీ చెల్లెలిది పక్కపక్కనే ఉన్నాయి, రాళ్ళు నిలిచే ఉన్నాయి. మీ అమ్మ ఇక్కడినుంచి కదలనని ఒట్టేసుకున్నది వాళ్ళ కోసమే కదా. ఆ పైవరసలో మా తమ్ముడు హెబర్. అర్జీ పెట్టిన ఏడు ఫిబ్రవరిలో అఖాతమంతా మంచు గడ్డకట్టి, డాక్టరు రాలేక, కడుపునొప్పితో మూడు రోజులు ఏడ్చి పోయాడు. ఆరేళ్ళవాడు. వాడి రాయి మీది నాచు గోకి ఫోటో తీశాను.

అప్పటినుంచి ఆ చప్పుడు నాతో ఇంటికొచ్చింది. పగటిపూట, వంటింట్లో, నేను పటం తెరిచినప్పుడు మాత్రమే వస్తుంది. మూడు దెబ్బలు. చెవి డాక్టరు చెవులు బాగున్నాయన్నాడు. దెయ్యాలు లేవని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

మీ నాన్న అంత్యక్రియలకు నేను రానందుకు నువ్వు నాతో మాట మానేశావు. మానేయడం న్యాయమే. ఇంకేం రాయాలో తెలియడం లేదు. ఆరోగ్యం చూసుకో. మీ పిల్లలకు నా దీవెనలు.

ఒకప్పటి నీ నేస్తం,
మెల్వినా

తా.క. కవరు అంటించి, రెండు రోజులకు మళ్ళీ చింపాను. అది మీ నాన్న సంతకం కాదు. నేను పెట్టింది.

హెబర్ పోయిన మూడు నెలలకు, పదిహేను సంతకాలైన ఆ అర్జీ మా భోజనాల బల్ల మీద ఉంది. మర్నాడు దాన్ని తీసుకుపోయే స్టీమరు వస్తుంది. మీ నాన్న మా ఇంటికొచ్చి, మా నాన్నతో, లాంబర్ట్, నీ దుఃఖం నాకు తెలుసు, కానీ నా వల్ల కాదు అని చెప్పి వెళ్ళారు. మా నాన్న చేపల పనికి దిగారు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది, హెబర్ పోయినప్పటినుంచి అలాగే. ఇక్కడే ఉంటే అమ్మ కూడా పోతుందనుకున్నాను. నాకు పదమూడేళ్ళు. మనిద్దరికీ అక్షరాలు దిద్దించింది మీ నాన్నే, ఆయన 'ఎ' ఎలా వంపు తిప్పుతారో నాకు తెలుసు. ఒక్కసారికే కుదిరింది.

మా నాన్న వచ్చి కాగితం చూశారు, నా వేళ్ళు చూశారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. చేతులు కడుక్కోవే, సిరా అంటింది అన్నారు. ఆ తర్వాత చనిపోయేదాకా ఆయన ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయన పేరు చెప్పుకుని నేను తప్పుకోలేను. ఆయన పోయి ముప్పై ఏళ్ళు. ఆ ముప్పై ఏళ్ళూ దాచిన తప్పు నాదే.

ఇదంతా నా పేరుతో రాసి రోజలిండ్ చేతికిచ్చాను. ఆమె చదివి తీసుకుంది. నీకు ఉత్తరం చేరే వ్యవధి ఇచ్చి, వచ్చే నెల పదిహేనున ఆ అర్జీ కింద పెడుతుంది. సరే అనే పని నానుంచి తీసేయమని నేనే అడిగాను, తీసేసింది. లోకం కంటే ముందు నీకు తెలియాలని ఇది రాస్తున్నాను, క్షమించమని కాదు.

మెర్సీ హార్బర్ వచ్చాక మీ అమ్మ, ఆ సంతకం మీ నాన్నదేననుకుని, మూడేళ్ళు ఆయనతో మాట్లాడకుండా బతికారు, ఆయన పోయేదాకా. ఆ మూడేళ్ళూ ప్రతి శనివారం మా అమ్మ రొట్టె ఇచ్చి నన్ను మీ ఇంటికి పంపేది. తలుపు ఎప్పుడూ ఆయనే తీసేవారు. "రా తల్లీ, ఈ ఇంట్లో నాతో మాట్లాడేదానివి నువ్వొక్కదానివే" అనేవారు.