ఓడ మీద అరగంట

17 ఫిబ్రవరి 1975

తమ్ముడికి అన్నయ్య దీవెనలు.

ఇక్కడ నేనూ అమ్మాయీ క్షేమంగా ఉన్నామని రాయాలి కనుక రాస్తున్నాను. మీ వదిన పోయి మూడు నెలలైంది. అప్పటి నుంచి ఈ ఇంట్లో ఎవరమూ క్షేమంగా లేం. నీ జవాబు టెలిగ్రాం అందింది. అందులో ఉన్న నాలుగు మాటల్నే అమ్మాయి నాలుగుసార్లు చదివి, బాబాయి ఇంకేమీ రాయలేదేంటని అడిగింది. మనసులో మాట రాయడం మా ఇంటావంటా లేదని చెప్పి తప్పించుకున్నాను.

అసలు కబురు వేరే ఉంది. మన ఓడను ముక్కలు చేస్తున్నారు. జనమంతా విమానాలెక్కి పోతుంటే పద్దెనిమిది రోజుల ప్రయాణానికి ఎవరొస్తారు? దాన్ని ఒడ్డున బురదలోకి ఎక్కించారని పేపర్లో చూసి, అమ్మాయిని వెంటబెట్టుకుని బస్సెక్కి వెళ్ళాను.

చూడకుండా ఉండాల్సింది. ఒకవైపు రేకులన్నీ కోసేశారు. తలుపుల్లేని బీరువాలా అంతస్తులన్నీ బయటికి కనిపిస్తున్నాయి. పైన పెద్దవాళ్ళ భోజనాల హాలు, బ్యాండు వాళ్ళు కూర్చునే అరుగు, అన్నిటికంటే కింద మీ చాకిరేవు గది. ఇస్త్రీ బల్లలు ఇంకా నేలకు బిగించే ఉన్నాయి. ఎడమ నుంచి మూడోది నీది. చేతిరుమాలుకు కూడా నిలబడేంత గంజి పెట్టేవాడివని నీకు గంజి అని పేరు పెట్టారని చెబితే అమ్మాయి నవ్వింది. తల్లి పోయాక అది నవ్వడం అదే మొదలు.

అక్కడి మేస్త్రీ, ఈ ఓడలో మీరేం చేసేవారని అడిగాడు. గడియారాలకు కీ ఇచ్చేవాణ్ణని చెప్పాను. అదీ ఒక ఉద్యోగమేనా అన్నాడు. వాడికేం తెలుసు? తూర్పుకు పోతుంటే రోజుకో అరగంట ముందుకు, పడమరకు పోతుంటే వెనక్కి. కెప్టెన్ ఆఫీసు నుంచి చీటీ రాగానే పొగతాగే గది నుంచి ఇంజను గది దాకా నూట పన్నెండు గడియారాలు తిప్పేవాణ్ణి. ఆ పోయిన అరగంట ఎక్కడికి పోతుందని ప్రయాణికుల పిల్లలు నా వెంటపడి అడిగేవాళ్ళు. వాళ్ళను వెనక్కి లాక్కెళ్ళడానికి పిల్లల గది చూసుకునే ఆవిడ వచ్చేది. ఆమెను మీ వదిన అని రాస్తున్నాను గాని, ఆమె నీ భార్య కావలసిన మనిషి.

ఆ రోజు సంగతి చెప్పాలి. తరవాతి రేవులో ఆమె తండ్రి ఎదురుచూస్తున్నాడు. నువ్వు ఆమెతో పాటు దిగి ఆయనతో మాట్లాడాలనుకున్నావు. సబ్బునీళ్ళకు నీ బూట్లు పాడైపోయాయి కనుక, ఈ రేవులో కొత్తవి కొనుక్కుంటానన్నావు. ఉదయం ఎప్పటిలాగే నీ వాచీని నా బల్ల మీద పడేసి, ముల్లు అరగంట ముందుకు నువ్వే జరుపు అన్నయ్యా అని చెప్పి పనిలోకి పరిగెత్తావు. మధ్యాహ్నం అంతే హడావుడిగా తీసుకుని దిగిపోయావు. ఓడ నాలుగింటికి బయలుదేరుతుందని నిచ్చెన దగ్గర పలక మీద రాసి ఉంది.

నువ్వు చంకలో బూట్ల పెట్టెతో రేవులోకి వచ్చేసరికి ఓడ గట్టు వదిలింది. ప్రయాణికులు గట్టు మీదివాళ్ళకు విసిరిన రంగు కాగితపు రిబ్బన్లు ఒక్కొక్కటిగా తెగుతున్నాయి. నేను పైన కటకటాల దగ్గర ఉన్నాను. ఎవరి పిల్లనో ఎత్తుకుని ఆమె నా పక్కనే నిలబడి ఉంది. నువ్వు పరిగెత్తలేదు. ఉన్నచోటే ఆగి వాచీ చూసుకున్నావు. తరవాత దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నావు.

ఓడ వదిలి పారిపోయాడని నీ ఉద్యోగం పుస్తకంలో రాశారు. ఇంక ఏ ఓడా నిన్ను ఎక్కించుకోలేదు. ఆ పరాయి ఊళ్ళోనే ఇస్త్రీ కొట్టు పెట్టుకుని పదిహేడేళ్ళుగా ఒంటరిగా ఉన్నావు. గడియారం చూడటం చేతకానివాడికి పెళ్ళెందుకని ప్రతి ఉత్తరంలోనూ నిన్ను నువ్వే ఎగతాళి చేసుకున్నావు. అది చదివిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చాను. నీ తప్పేమీ లేదురా. ఆ ఉదయం నేను నీ వాచీ ముల్లు జరపడం మరిచిపోయాను. నూట పన్నెండు గడియారాలు సరిచేసినవాణ్ణి, తమ్ముడి వాచీ మరిచాను.

అప్పుడే చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఆమె చిరునామా అడుగుతూ నువ్వు రాస్తే, ఆమెకు నీ పేరు వింటేనే ఒళ్ళు మండుతోందని జవాబిచ్చాను. ఏడాది తిరక్కుండానే మా పెళ్ళయింది. నువ్వు దీవిస్తూ రాశావు.

ఒక్కసారి వచ్చి పో. అమ్మాయికి నిన్ను చూడాలని ఉంది. నా మతిమరుపును పెద్దమనసుతో క్షమించు.

ఇట్లు
నీ అన్నయ్య

తా.క. అంటించిన కవరును కెటిల్ ఆవిరి మీద పెట్టి మళ్ళీ తెరిచాను. మరిచిపోయానని పైన రాశాను. మరిచిపోలేదు. ఆ ఉదయం నీ వాచీ చేతిలోకి తీసుకున్నాను, కీ పైకి లాగాను, ముల్లు కదపకుండానే నొక్కేశాను. నీకంటే ముందు నుంచే ఆమె నాకు ఇష్టం. మీ ఇద్దరికీ చెప్పలేదు. నిచ్చెన తీసే ముందు కాపలావాడు నీ తమ్ముడు ఎక్కాడా అని నన్నే అడిగాడు. ఎక్కాడు, కింద బట్టల దగ్గర ఉన్నాడని చెప్పాను.

ఆమెకు నీ మీద కోపం లేదు. పెళ్ళికి ముందు రోజు దాకా నీ చిరునామా అడుగుతూనే ఉంది. తెలియదన్నాను. పెళ్ళయ్యాక నీ ఉత్తరాలన్నీ నా వాచీ కొట్టుకే రప్పించుకున్నాను, ఆమె ఉన్నన్నాళ్ళూ ఒక్కటీ ఇంటి గడప తొక్కనివ్వలేదు. అమ్మాయికి ఇవేమీ తెలియవు. చెప్పాలో వద్దో నువ్వే రాయి.

ఆసుపత్రిలో చివరి వారం మీ వదిన నన్ను దగ్గరికి పిలిచింది. ఆ రోజు నీకు నిజంగానే ఆలస్యమైందా, కావాలనే రాలేదా అని అడిగింది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. కావాలనే రాలేదని చెప్పాను.