ఈశాన్యంలో అగ్నిపర్వతం

సెంబవాంగ్

చిరంజీవి కృష్ణచైతన్యకు జగన్మోహనరావు ఆశీస్సులు.

పెళ్లి మాటలు వాట్సాప్‌లో బాగుండవని ఉత్తరం రాస్తున్నాను. మా కీర్తికా నువ్వూ ఇక్కడ సింగపూర్‌లో ఒకే ఆఫీసులో ఇష్టపడ్డారు, సంతోషం. కానీ మీ ఆఫీసువాళ్ల టెలిస్కోపు చిలీలో కొండ నెత్తిన ఉందనీ, అక్కడ భూకంపాలొస్తాయనీ, చుట్టుపక్కల అగ్నిపర్వతం కూడా ఉందనీ విన్నాను. నాకున్నది ఒక్కతే కూతురు. పెళ్లయ్యాక దాన్ని అక్కడికి తీసుకెళ్తావా? ఇంతకీ అగ్నిపర్వతం ఏ దిక్కున ఉంది?

ఇట్లు,
జగన్మోహనరావు

తా.క.: అక్కడ గ్యాస్ కనెక్షన్ ఉందా, లేక కొండ వేడి మీదే వండుకుంటారా అని మీ ఆంటీ అడుగుతోంది.

సైన్స్ పార్క్

జగన్మోహనరావు అంకుల్‌కి నమస్కారాలు.

నేను తీసుకెళ్లను అంకుల్, ఒట్టు. కొండకి ఎంత ప్రమాదమో ఇక్కడే కూర్చుని లెక్కగట్టడం నా పని. అగ్నిపర్వతం ఈశాన్యాన, చాలా దూరంలో ఉంది. బూడిద వస్తే టెలిస్కోపు మూసేస్తారు. భూమి ఊగితే దాన్ని బిగింపులు పట్టుకుంటాయి. అవి మన కీర్తిక డిజైన్ చేసినవే. ముహూర్తం ఎప్పుడు పెడతారు?

విధేయుడు,
కృష్ణచైతన్య

తా.క.: కొండ మీద క్యాంటీన్ ఉందని ఆంటీకి చెప్పండి.

సెంబవాంగ్

చిరంజీవి కృష్ణచైతన్యకు,

ఈశాన్యంలో అగ్నా! ఎంత మాట ఎంత చల్లగా చెప్పావు నాయనా! పొయ్యి ఈశాన్యంలో వచ్చిందని సెంగ్‌కాంగ్‌లో గవర్నమెంటు లాటరీలో తగిలిన ఫ్లాటే వదులుకున్నవాణ్ణి నేను. మన వాస్తు చక్రధర్ గారికి మీ కొండ మ్యాపులో చూపించాను. టెలిస్కోపునైనా అవతలికి జరపాలి, లేదా పెద్ద అద్దమైనా పెట్టాలి అన్నారు. అంతవరకూ ముహూర్తం లేదు.

ఇట్లు,
జగన్మోహనరావు

తా.క.: అగ్నిపర్వతాన్ని జరపమని నేను అనడం లేదు. అది గవర్నమెంటుది అయ్యుంటుంది.

సైన్స్ పార్క్

అంకుల్‌కి నమస్కారాలు.

అద్దం ఉంది అంకుల్! టెలిస్కోపులో ఉండేదే అద్దం. మాది ఎనిమిది మీటర్లు. నేను పంపిన ఫోటో చూసి చక్రధర్ అంకుల్ దణ్ణం పెట్టారు. దీనికి ఆ దేశం దోషాలన్నీ పోవాలన్నారు. ఇక ముహూర్తం పెట్టించండి.

విధేయుడు,
కృష్ణచైతన్య

తా.క.: కోప్పడకండి. బిగింపులు దగ్గరుండి చూసుకోవడానికి కీర్తికకి ఆ కొండ మీదే రెండేళ్ల ఉద్యోగం వచ్చింది. నేను తీసుకెళ్లడం లేదు, తనే వెళ్తోంది. మీకు చెప్పే ధైర్యం లేక నన్ను రాయమంది.

సెంబవాంగ్

అల్లుడికి,

చదివి భయమేసింది, దాచుకోను. ఇంట్లో కేకలేశాను. "ఏం కాదు లా, నాన్నా! కొండ ఊగినా నా బోల్టు ఊడదు" అంది కీర్తిక, ఇక్కడివాళ్లలా 'లా' తగిలించి. ఆ ముఖంలో వెలుగు చూశాక వద్దనడానికి నోరు రాలేదు. వెళ్లనీ.

ముహూర్తం పెట్టించాను. ఒక్కటే షరతు. అప్పగింతలు ఇల్లు మారేవాళ్లకి కదా చేస్తారు! అది కొండకి పోతే, ఒంటరిగా మిగిలేది నువ్వు. కనక నువ్వు మా ఇంట్లోనే ఉంటావు. మీ అమ్మానాన్నలు నీ చేతులు పాలలో ముంచి, మాకు అప్పగించాలి.

ఇట్లు,
మీ మామగారు

తా.క.: అప్పగింతలప్పుడు మీ అమ్మగారిని కాస్త ఏడవమను. మీ ఆంటీకి ఏడ్చే తీరిక లేదు, కూతురి వెంట కొండెక్కడానికి టిక్కెట్టు కొనేసింది. మనిద్దరిలో వంట ఎవరికి వచ్చో నువ్వొచ్చాక తేల్చుకుందాం.