మూడో తీగ

శ్రీవారికి, మీ ఇంటావిడ నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ అమ్మాయీ కులాసా. అక్కడ మీరు శ్రుతి చేస్తున్న పియానోలు మిమ్మల్ని కూడా కులాసాగా ఉండనిస్తున్నాయనే అనుకుంటున్నాను.

ముందు మీరడిగినవి చెప్తాను. వంటింటి కిటికీ తలుపు బాగుచేయించాను. ఇప్పుడు మూసుకుంటుంది కానీ తెరుచుకోదు. అమ్మాయి పరీక్షలు బాగానే రాశానంది. నా మెడనొప్పి తగ్గింది. ఇక పోయిన అక్క పియానో రికార్డింగు సంగతి. కంపెనీవాళ్లు దాన్ని మళ్లీ విడుదల చేస్తున్నారని, "శ్రుతి తప్పిన చోటల్లా సరిచేసి ఇచ్చెయ్, పాత రికార్డింగులు శుభ్రం చేసేదానివి, నీకది చిటికెలో పని" అని మీరు రాశారు. చిటికెలో పనే. అయినా ఇంకా ఇవ్వలేదు.

ఆ పని మొదలుపెట్టినప్పటినుంచీ నాకు ఒళ్లు మండిపోతోంది. పెళ్లినాటి నుంచీ మీ మొదటి భార్యను అక్క అనే అంటున్నాను. ఆవిడ ఫోటో నేనే తుడుస్తాను. ఫోటో నోరెత్తదు కాబట్టి మాకెప్పుడూ పేచీ రాలేదు. ఇప్పుడు రోజంతా నా చెవుల్లో కూర్చుని వాయిస్తోంది. చచ్చినవారి కళ్లు చారెడేసి అంటారు కదా, ఆ మాట పట్టుకునే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాను. విన్నాక తెలిసింది, ఆవిడవి నిజంగానే చారెడేసి.

అందుకే పై సప్తకంలో ఒక మెట్టు నొక్కినప్పుడల్లా స్వరం వణకడం వినగానే నా ప్రాణానికి హాయిగా అనిపించింది. మొన్న అమ్మాయి కూడా వచ్చి వింది. "అమ్మకి శ్రుతి తెలీదా పిన్నీ?" అంది. "పాత రికార్డింగు కదమ్మా" అని ఊరుకున్నాను. అది మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. నా కుళ్లు ఎక్కడిదాకా తెచ్చిందో చూడండి, తల్లిలేని పిల్ల ముందు తల్లిని తక్కువ కానిచ్చాను.

మర్నాడు ఆ ఒక్క స్వరాన్నీ సరిచేసి విన్నాను. శ్రుతి కుదిరింది, వాయింపు చెడింది. ఆ మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ జంకినట్టు వినిపిస్తోంది. మళ్లీ పాతది పెట్టుకున్నాను. ఆవిడ దాన్ని కావాలనే మెల్లగా తాకుతోంది, పక్క స్వరాన్ని గట్టిగా పలికించి ఆ వణుకును కప్పేస్తోంది.

ఇంతసేపూ నాన్చుతున్న మాట ఇది. ఒక్కో మెట్టుకు ఉండే మూడు తీగలూ ఒక్కటిగా పలకాలి. మూడోదాన్ని వెంట్రుకవాసి ఎక్కువ బిగించి వదిలెయ్యడం మీ చేతి అలవాటు. మన ఇంటి పియానోకీ అదే చేశారు. అంటే ఆ రికార్డింగు రోజున శ్రుతి చేసింది మీరే. అది మీకు తెలుసు కాబట్టే గుట్టుగా సరిచెయ్యమన్నారు.

మన ఇంట్లో నేను ఆ తప్పు మొహం మీదే చెప్పాను. రెండు పూటలు మీరు నాతో మాట్లాడలేదు. ఆవిడ ఒక్క మాటా అనకుండా మీ తప్పును వేలికింద దాచుకుంది. నేను కుళ్లుకున్నది వాయింపు చూసి అనుకున్నాను. కాదు, ఈ దాచుకోవడాన్ని చూసి. ఇది నావల్ల కాదు.

కాబట్టి సరిచెయ్యను, ఉన్నదున్నట్టే ఇస్తాను. అమ్మాయిని కూర్చోబెట్టి ఆ చోటు వినిపించాను. "తప్పింది నాన్న, సర్దుకుంది అమ్మ" అని చెప్పాను. అది మళ్లీ మళ్లీ పెట్టించుకుని వింది. మీతో మాట్లాడాలట. ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం.

నాకు మాత్రం ఒక్క దానికి జవాబు రాయండి. ఆవిడ మీకోసం అలా కప్పుతోందని ఆ రోజు పక్కన నిలబడి విన్నప్పుడు మీకు తెలిసిందా? తెలియలేదని రాయండి. అబద్ధమైనా నమ్ముతాను.

ఇట్లు,
కుళ్లు ఇంకా చల్లారని
మీ భార్య