పట్టాలకు కట్టిన నక్షత్రం

వేటపాలెం,
19-12-1988

తమ్ముడు జక్రయ్యకు అక్క దీవెనలు. మీరంతా ప్రభువు దయవల్ల క్షేమమేనని నమ్ముతున్నాను.

పక్షవాతం వచ్చాక మీ బావగారికి మాట ఇంకా రాలేదు. కుడిచెయ్యి ఒక్కటే ఆడుతోంది. మిషనులో ఉండి వెళ్ళిన జర్మనీ దొరగారు పంపిన కంట్రోలు పెట్టె మీద అంకెలు నొక్కి బొమ్మరైలు తిప్పుకోవడమే ఆయనకు మిగిలిన పని.

దాన్ని నేను పాడుచేశాను తమ్ముడూ. పండక్కి బొమ్మ స్టేషను మీద చిన్న నక్షత్రం వెలిగితే సంతోషిస్తారని, దాని తీగలు పట్టాలకే కలిపాను. "దీపాలకు వేరే ట్రాన్స్‌ఫార్మరు ఉండాలక్కా, పట్టాల్లో కరెంటు బండికే" అని నువ్వు చెప్పింది మరిచిపోయాను. పెట్టెలో ఎర్రలైటు వెలిగి బండి ఆగిపోయింది. నక్షత్రం తీసేసినా కదలలేదు. పెట్టె కాలిపోయిందేమోనని నాకు అన్నం దిగడం లేదు.

ఆయనకు చెప్పలేదు. మూడు రోజులుగా కరెంటు లేదంటూ ఇంట్లో దీపాలు కూడా వేయడం లేదు. నువ్వు శనివారం ట్రాన్స్‌ఫార్మరు తీసుకుని రా, పెట్టె కూడా చూద్దువుగాని. బస్సులో కిటికీ పక్కన కూర్చోకు, చలిగాలి.

నిన్న సాయంత్రమూ ఆయనకు కరెంటు లేదనే చెప్పాను. అప్పుడే ఎదురింటి ఎలీసమ్మ వాళ్ళ కరెంటు నక్షత్రం కిటికీలోంచి వెలుగుతూ కనబడింది. మీ బావగారు దాన్ని చూశారు, నన్ను చూశారు. అంకెల మీది చెయ్యి తీసి నా చేతి మీద పెట్టారు.

శనివారం దాకా ఆగొద్దు. ఉత్తరం అందగానే బయలుదేరు.

మీ అక్క