నువ్వు ముట్టనివ్వని పైసలు

సుగుణా,

నిన్నటితో మిల్లులో నా కొలువు ముగిసింది. దండ వేసి, శాలువా కప్పి సాగనంపారు. ఈ మాట ముందు నీకే చెప్పాలనిపించింది.

మన స్వప్నకు హైదరాబాదులో ఫార్మసీ సీటు వచ్చినప్పుడు నా పీఎఫ్ అంతా తీసి ఫీజు కడదామన్నాను. నువ్వు ఒప్పుకోలేదు.

"పిల్ల సదువుకు బ్యాంకు అప్పిస్తది. రేపు మనకు కాళ్లుచేతులు ఆడకుంటే ఎవడిస్తడు? గా పైసలు ముట్టకు," అన్నావు.

అమ్మకు తనకంటే పైసలే ఎక్కువని స్వప్న ఏడ్చింది. చాలా రోజులు నీతో మాట్లాడలేదు. అయినా నువ్వు దాని వెంట బ్యాంకు చుట్టూ తిరిగి లోను ఇప్పించావు. దాని మొదటి జీతం చూడకుండానే కన్నుమూశావు.

ఇప్పుడది జడ్చర్లలో మందుల కంపెనీలో చేస్తోంది. ఆ అప్పు తానే తీర్చుకుంది. నిన్న సాయంత్రం ఇంటికొచ్చి, "బాపూ, ఇగ నీకెట్ల గడుస్తది? నెలనెలా నేను పంపాల్నా?" అని అడిగింది.

"వద్దు బిడ్డా. మీ అమ్మ దాపెట్టించినయి ఉన్నయి గదా," అన్నాను.



"మా దోస్తు వాళ్ల నాయిన ఉన్నదంతా దాని సదువుకే పెట్టిండు బాపూ. గీ వయసుల వాచ్‌మన్ పనికి పోతుండు. అమ్మ మీద ఊకెనే కోపం జేసిన," అంది.

కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లి గిన్నెల మూతలు తీసింది.

"ఏం కూర వండినవ్? ఆకలైతాంది."

నన్ను సాకాలన్న బరువేమీ లేకుండా, ఉత్త ఆకలితో నా ఇంటికొచ్చింది నా బిడ్డ. ఇదంతా నీ చలవే, సుగుణా.